తిండి లెక్క – 4వ పాఠం: పచ్చిదా, వండినదా?

పోయిన పాఠం తర్వాత మీరు పంపిన లెక్కలు చూసి తల పట్టుకున్నాను. పప్పన్నం, మజ్జిగతోనే సగం మందికి రోజుకు వంద గ్రాముల ప్రోటీన్ వచ్చేస్తోంది! తప్పు నాదే. "వంద గ్రాముల కందిపప్పులో 22 గ్రాములు" అని రాసి, "పచ్చి" అన్న మాట మింగేశాను. అందుకే ఈసారి చెప్తానన్న వ్యాయామం ఈ పాఠం చివరికి జరిగింది.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో పప్పులు, బియ్యం, పిండి అంకెలు వండని సరుకువి. కుక్కర్లో పోసే నీళ్లలో ప్రోటీన్ ఉండదు. కప్పు కందిపప్పు 150 గ్రాములు తూగిందనుకోండి, ప్రోటీన్ 33 గ్రాములు. నలుగురు తింటే మనిషికి ఎనిమిది. చుట్టం వచ్చారని ఇంకో చెంబు నీళ్లు పోసి పప్పుచారు చేస్తే, ఐదుగురికి తలా ఆరున్నర. 60 కిలోల మనిషికి రోజుకు కావలసింది 50. ఆ గిన్నెడు చూసి 22 వేసుకుంటే ఎలా?

అన్నం దగ్గర ఇదే తప్పు కేలరీలను పెంచేసింది. బియ్యం ఉడికితే రెండున్నర, మూడు రెట్లవుతుంది. ఒకరు 300 గ్రాముల అన్నం తూచి, బియ్యం అంకెతో హెచ్చించి, వెయ్యి కేలరీలు దాటిందని హడలి రాత్రి పస్తు పడుకున్నారట. నిజానికి అది నాలుగు వందలకు అటూఇటూ.

"అన్నం మానేసి మూడు చపాతీలు" బృందానికి: ఒక్కోదానికి 30 గ్రాముల పిండి, మొత్తం 90, నూనె కాక సుమారు 300 కేలరీలు. అంతే తూకం బియ్యానికీ దాదాపు అంతే. చపాతీలో పీచు కాస్త ఎక్కువ, సరే. నేను జొన్నరొట్టె మనిషిని, నాకూ ఇదే లెక్క.

చికెన్ ఉడికితే నీరు పోయి తగ్గుతుంది, కాబట్టి అక్కడ లెక్క తలకిందులు. మీల్‌మేకర్ ప్యాకెట్ మీద ప్రోటీన్ 52 గ్రాములు అని ఉంటే అది ఎండుదానికి, నానినదానికి కాదు. గుడ్డుతో ఈ గొడవ లేదు, ఎలా వండినా ఒక్కోదానికి ఆరు గ్రాములు. లెక్క కుదరని రోజు నేను రెండు ఉడకేసుకుంటాను. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా ప్రోటీన్ పెంచొద్దు.

కేబీఆర్ పార్కు చుట్టూ తిరిగేవాళ్లకు నడక నేర్పక్కర్లేదు. అయితే ప్రోటీన్ తిన్నంత మాత్రాన కండ పట్టదు, దాని మీద బరువు పడాలి. వారానికి రెండు రోజులు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోండి: పదేసి చొప్పున మూడు విడతలు. కష్టమైతే సీటు మీద దిండు వేసి ఎత్తు పెంచండి. నడిచొచ్చి ఇరానీ చాయ్‌లో ముంచే ఉస్మానియా బిస్కెట్లు మీ ఇష్టం, కానీ రాయండి.

అభ్యాసం: ఏడు రోజులు ఇంట్లో పప్పు, బియ్యం, పిండి ఏదైనా పొయ్యెక్కక ముందే తూచి, తినేవాళ్ల సంఖ్యతో భాగించండి. ఆదివారం కూడా. పెళ్లి భోజనమైతే ఆ పూట వదిలేయండి. అంకె పక్కన "పచ్చి" అనో "వండినది" అనో లేని కాగితం చదవను, తిప్పి పంపుతాను.