బత్తాయి, నిమ్మ, ఒక పెగ్గు: మూడు నాలుగు దినుసులతో ఇంట్లోనే కాక్‌టెయిల్ చేయడం ఎలా?

కాక్‌టెయిల్ వంటకాలు చదివితే సగం దినుసుల కోసం హైదరాబాద్ వెళ్లాలనిపిస్తుంది. క్రాన్‌బెర్రీ రసం, నారింజ లిక్కర్, చేదు చుక్కల సీసా... ఇవేవీ లేకుండానే మంచి కాక్‌టెయిల్ కుదురుతుంది. కావలసింది మద్యం, పులుపు, తీపి, బాగా చల్లదనం. చుట్టూ బత్తాయి తోటలు, పక్కనే నకిరేకల్ నిమ్మ మార్కెట్ ఉన్న నల్లగొండ వాళ్లకు ఇందులో కష్టమైన భాగం ముందే తీరిపోయింది. దినుసులు తక్కువైనప్పుడు కొలత తప్పితే దాక్కోవడానికి చోటుండదు. అందుకే కొలతతోనే మొదలుపెడదాం.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

కొలిచే గ్లాసు లేకపోతే దగ్గు మందు సీసాతో వచ్చే గీతల మూతను శుభ్రంగా కడిగి వాడండి. చిన్న పెగ్గు 30 మి.లీ., పెద్ద పెగ్గు 60 మి.లీ. షేకర్ కొనక్కర్లేదు. మూత గట్టిగా బిగిసే స్టీలు సీసా, టీ వడపోసే జాలి చాలు.

చక్కెర పాకానికి ఒక గ్లాసు చక్కెర, ఒక గ్లాసు వేడి నీళ్లు పోసి కరిగేదాకా కలపండి. తీగ పాకం రానివ్వకూడదు. చల్లారాక సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు వాడుకోవచ్చు. పొడి చక్కెర నేరుగా వేస్తే చల్లని మద్యంలో కరగక అడుగున మిగిలిపోతుంది.

ఐసు ఇంట్లో తాగే నీటితోనే పెట్టుకోండి. బోరు నీటితో పెడితే ఆ ఉప్పదనం పానీయంలోకి దిగుతుంది. చేపల బండ్లకు అమ్మే ఐసు దిమ్మల జోలికి వెళ్లవద్దు, అవి తాగడానికి చేసినవి కావు. ఇంకో మాట, ఐసు ఎక్కువైతే మందు నీళ్లగా అవుతుందని చాలామంది రెండే ముక్కలు వేస్తారు. జరిగేది దీనికి తలకిందులు. గ్లాసు నిండా ఐసు ఉంటే పానీయం త్వరగా చల్లబడుతుంది, ఆ తర్వాత ఐసు నిదానంగా కరుగుతుంది. మే నెల ఎండలో ఆ రెండు ముక్కలు నాలుగు గుక్కలలోపే నీళ్లైపోతాయి.

బత్తాయి స్క్రూడ్రైవర్

అసలు స్క్రూడ్రైవర్ అంటే వోడ్కా, నారింజ రసం, అంతే. నారింజకు బదులు బత్తాయి పోసి ఊరుకుంటే మాత్రం చప్పగా ఉంటుంది. నారింజలో తీపితో పాటు పులుపు ఉంటుంది, బత్తాయిలో పులుపు దాదాపు లేదు. ఆ లోటును నిమ్మతో పూడ్చాలి.

1. తొక్క పలుచగా, చేతికి బరువుగా తగిలే కాయలు ఏరుకోండి. పచ్చగా ఉన్నా పరవాలేదు, మన దగ్గర బత్తాయి పసుపు తిరిగేదాకా ఆగనవసరం లేదు.
2. కాయను అడ్డంగా కోసి చేత్తో పిండండి. మిక్సీలో వేయవద్దు. గింజలు, తెల్లటి పొర నలిగితే రసం చేదెక్కుతుంది. పిండి నిలవ ఉంచినా కాసేపటికి చేదు తిరుగుతుంది కాబట్టి అతిథులు వచ్చాకే పిండండి.
3. గ్లాసు నిండా ఐసు వేసి, 60 మి.లీ. వోడ్కా, 120 మి.లీ. వడపోసిన బత్తాయి రసం పోయండి.
4. నిమ్మరసం అర చెంచా చొప్పున వేస్తూ రుచి చూడండి. మొదట నాలుక మీద తీపి వచ్చి అక్కడే ఆగిపోతుంది. నాలుగో ఐదో అర చెంచా పడేసరికి బత్తాయి వాసన ఒక్కసారిగా పైకి లేస్తుంది. అక్కడ ఆపండి. మొత్తం 10 నుంచి 15 మి.లీ. పడుతుంది.
5. చిటికెడు ఉప్పు వేసి ఒకసారి తిప్పండి. ఉప్పు తెలియకూడదు, చేదును మాత్రం అణచాలి.

నా లెక్కలో ఇది నారింజ రసం డబ్బాతో చేసినదానికంటే మేలు.

బెల్లం డైకిరి

డైకిరి క్యూబాలో పుట్టింది, అక్కడి ఒక ఊరి పేరే దీనికి వచ్చింది. తెల్ల రమ్ము 60 మి.లీ., నిమ్మరసం 25, చక్కెర పాకం 20. చిన్న ఊళ్లలోని దుకాణాల్లో తెల్ల రమ్ము ఎప్పుడూ దొరకదు, నల్ల రమ్ము తప్పక దొరుకుతుంది. అప్పుడు చక్కెర పాకం తీసేసి బెల్లం పాకం వేయండి. రమ్ము పుట్టేదే చెరకు మడ్డి నుంచి కాబట్టి ఆ రెండూ ఇట్టే కలిసిపోతాయి. బెల్లం పాకాన్ని తప్పకుండా వడపోయాలి, లేదంటే నలుసులు గ్లాసులో తేలతాయి.

మూడూ స్టీలు సీసాలో పోసి, సగానికి పైగా ఐసు వేసి, మూత బిగించి పది పదిహేను సెకన్లు గట్టిగా ఊపండి. సీసా పట్టుకోలేనంత చల్లబడి బయట చెమ్మ పడితే అయినట్టే. ముందే ఫ్రిజ్‌లో పెట్టిన చిన్న గ్లాసులోకి జాలితో వడపోయండి. ఊపినప్పుడు కరిగి కలిసే నీరు కూడా ఇందులో ఒక దినుసే, అది లేకపోతే ఘాటు గొంతు పట్టుకుంటుంది.

సోడా, కోలా, కల్లు, వీటిలో ఏదీ మూసిన సీసాలో ఊపకూడదు. గ్యాసు మూతను ఎగరగొడుతుంది. కల్లు ఊపకపోయినా లోపల పులుస్తూనే ఉంటుంది, సీసాలో బిగిస్తే పగిలే ప్రమాదం ఉంది.

ఊపే పని లేనివి

విస్కీ సోడా ఎవరికైనా తెలుసు, కానీ చల్లని సోడాతో చేసేవాళ్లు తక్కువ. నిండా ఐసు, 60 మి.లీ. విస్కీ, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన 150 మి.లీ. సోడా. గ్లాసు అంచు వెంట నెమ్మదిగా పోసి, చెంచాతో ఒక్కసారి అడుగు నుంచి పైకి లేపండి. పదేపదే తిప్పితే గ్యాసు పోతుంది. నిమ్మ తొక్కను గ్లాసు మీద పట్టుకుని మెలిపెడితే దాని నూనె పైన చిమ్ముతుంది, రసం అక్కర్లేదు.

జిన్, టానిక్ నీరు కూడా ఇదే పద్ధతి. టానిక్‌లోని చేదు క్వినైన్‌ది. రమ్ములో కోలా పోసి అర నిమ్మచెక్క పిండితే క్యూబా లిబ్రే.

ఎంత తాగుతున్నారో చూసుకోండి

మన దేశంలో తయారయ్యే విస్కీ, రమ్ము, వోడ్కా సీసాల మీద సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది. బత్తాయి తీపిలో ఆ ఘాటు తెలియదు, దాహానికి నీళ్లలా దిగిపోతుంది. ఒక్కో గ్లాసులో పెద్ద పెగ్గు ఉందని గుర్తుంచుకుని, మధ్యలో మంచినీళ్లు తాగుతూ ఏదైనా తినండి. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఆల్కహాల్ దాటితే బండి నడపడం నేరం. పొరుగూరి నుంచి వచ్చినవాళ్లకు రాత్రి పడక ముందే ఏర్పాటు చేయండి. గుడుంబాతో ఇవేవీ చేయవద్దు, అందులో ఏం కలిసిందో చెప్పేవాళ్లు ఉండరు.

తాగనివాళ్ల కోసం బత్తాయి రసం 120 మి.లీ., నిమ్మ 15, చిటికెడు ఉప్పు, మిగతాది సోడా. అదే గ్లాసులో, అంతే ఐసుతో ఇవ్వండి.