వైజాగ్‌లో విమానాలు చూడాలంటే ఎలా? రన్‌వే భద్రత సంగతి తెలుసుకోవాలంటే ఎలా?

ఎన్‌ఏడీ కూడలి దాటి గాజువాక వైపు వెళ్తుంటే హైవే పక్కన, విమానాశ్రయం గోడ దగ్గర, ఎవరో ఒకరు బండి ఆపి, పిల్లాణ్ని భుజాలమీద ఎక్కించుకుని ఆకాశంలోకి చూపిస్తూ కనిపిస్తారు. నేనూ మా అబ్బాయితో అలా ఆగినవాణ్నే. వాడు ముచ్చటపడి ఫోన్ తీశాడో లేదో, కాపలా ఉన్న జవాను వచ్చి ఫొటోలు తీయకూడదన్నాడు. మర్యాదగానే చెప్పాడు కానీ మా వాడి మొహం చిన్నబోయింది. ఇంకొకరికి ఆ ఇబ్బంది రాకూడదని, నాకు తెలిసిన పద్ధతి రాస్తున్నాను.

ముందు ఆ రన్‌వే ఎవరిదో తెలుసుకోండి. అది నౌకాదళానిది, ఆ స్థావరం పేరు ఐఎన్‌ఎస్ డేగా. మనం ఎక్కే విమానాలు ఆ స్థావరంలో ఒక పక్కన ఉన్న టెర్మినల్ నుంచి నడుస్తాయి. అందుకే మామూలు ఎయిర్‌పోర్టు దగ్గర చూసీచూడనట్టు వదిలేసేది ఇక్కడ వదలరు. గోడ పక్కన కెమెరా బయటికి తీయొద్దు. విమానం లోపలి నుంచి రన్‌వేని కూడా తీయొద్దు, సిబ్బంది ఆ మాట మైకులో చెబుతూనే ఉంటారు. డ్రోన్ ఊసే ఎత్తొద్దు. పైలట్ల మాటలు వినే రేడియోలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి కదా అని లైసెన్సు లేకుండా కొనొద్దు.

మరి ఎక్కడ చూడాలి? ఆర్కే బీచ్‌లో. ఇక్కడి పెద్ద రన్‌వేకి రెండు చివరలా రెండు అంకెలుంటాయి, 10, 28. అవి దిక్సూచి డిగ్రీలు, చివరి సున్నా తీసేసి రాస్తారు. 28 మీద దిగే విమానం 280 డిగ్రీల వైపు, అంటే దాదాపు పడమరగా వెళ్తుంది. కాబట్టి అది సముద్రం మీద నుంచి, ఊరి మీదుగా రావాలి. విమానాలు గాలికి ఎదురుగా దిగుతాయి, ఎదురుగానే లేస్తాయి. ఇంట్లోంచి బయల్దేరే ముందు ఏ జెండానో, రిఫైనరీ పొగనో చూడండి. గాలి పడమటి నుంచి వీస్తుంటే ఆ రోజు బీచ్‌కి వెళ్లొచ్చు. ఫోన్‌లో ఫ్లైట్‌రాడార్24 అనే యాప్ పెట్టుకుంటే ఏ విమానం ఎటు తిరుగుతోందో కూడా తెలుస్తుంది. నేవీ విమానాలు మాత్రం అందులో కనిపిస్తాయని ఆశపడకండి.

బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర సముద్రం వైపు తిరిగి నిలబడి, కుడిచేతి పక్కన డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు చూడండి. ముందు ఒక వెలుగు చుక్క కనిపిస్తుంది, చాలాసేపు కదలనట్టే ఉంటుంది. తర్వాత రెక్కలు, ఆపైన చక్రాలు తేలతాయి. విమానాలు సాధారణంగా 3 డిగ్రీల వాలులో దిగుతాయి. ఆ లెక్కన రన్‌వేకి కిలోమీటరు దూరంలో 52 మీటర్లు, పది కిలోమీటర్ల దూరంలో 500 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటాయి. బీచ్ దాదాపు ఆ దూరమే. అక్కడ ఫొటో తీసుకున్నా నేవీ ఓడల వైపు, స్థావరం వైపు లెన్స్ తిప్పకండి.

విమానాన్ని దగ్గరగా చూడాలని పిల్లలు పేచీ పెడితే రోడ్డు దాటి, నేవీ వాడిన పాత నిఘా విమానం టీయూ-142ని పెట్టిన మ్యూజియంలోకి తీసుకెళ్లండి. 2017లో తెరిచారు. ఒక్కో ఇంజిన్‌కి ఒకదాని వెనక ఒకటిగా రెండు వరసల ప్రొపెల్లర్లు, ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు తిరిగేవి. మా వాడు ఆ రెక్కల కింద నిలబడి బ్లేడ్లు వేలితో లెక్కపెట్టాడు, ఒక్కో ఇంజిన్‌కి ఎనిమిది.

ఇక భద్రత సంగతి. దీన్ని కొంచెం ఓపికగా చదవండి, ఎందుకంటే విమానం ఎక్కే ప్రతివాడికీ సంబంధించిన విషయం. 2010 మే 22న మంగళూరులో విమానం రన్‌వే దాటిపోయి 158 మంది చనిపోయారు. 2020 ఆగస్టు 7న కోజికోడ్‌లో, వర్షంలో, వెనకనుంచి గాలి తోస్తుండగా, విమానం రన్‌వే మొదలు నుంచి సుమారు 1,350 మీటర్లు దాటాక నేలను తాకింది. ఆగడానికి మిగిలిన దూరం చాల్లేదు. 21 మంది పోయారు. రెండూ గుట్టమీద బల్లపరుపుగా కట్టిన రన్‌వేలు. మనది అలాంటిది కాదు, పొడవు కూడా 3,050 మీటర్లు. అయినా చివర్న ఖాళీ నేల ఎంతుందో అడిగి తెలుసుకోవడం మన హక్కు. ఆ నేలను రీసా అంటారు. రన్‌వే చివర 60 మీటర్ల పట్టీ వదిలాక, అక్కణ్నుంచి కనీసం 90 మీటర్లు ఉండాలనీ, 240 ఉంటే మంచిదనీ అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ చెబుతుంది. విమానం ఆగలేక ముందుకు దూసుకెళ్లినా గోడకో గోతికో తగలకుండా కాపాడేది ఆ జాగాయే.

ఈ వివరాలు చూడటం కష్టమేం కాదు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వెబ్‌సైట్‌లో ఈ-ఏఐపీ అని, పైలట్ల కోసం విమానాశ్రయాల వివరాలు ఇచ్చే అధికారిక పుస్తకం ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు. అందులో విమానాశ్రయాల భాగంలో వీఓవీజెడ్ అనే కోడ్ వెతకండి, అది వైజాగ్. 2.12లో రన్‌వే కొలతలు, 2.13లో దిగడానికీ లేవడానికీ ప్రకటించిన దూరాలు, 2.14లో లైట్ల వివరాలు ఉంటాయి. ఒకసారి చదివితే పేపర్లో రన్‌వే పనుల వార్త వచ్చినప్పుడు దేని గురించో ఇట్టే అర్థమవుతుంది.

విమానంలో కిటికీ సీటు దొరికితే కళ్లతో చూడండి. చక్రాలు తాకగానే రెక్కమీద పలకలు పైకి లేస్తాయి, విమానం బరువును చక్రాలమీదకి దించి బ్రేకులు పట్టేలా చేసేవి అవే. రాత్రిపూట రన్‌వే అంచు లైట్లు తెల్లగా ఉండి చివరి 600 మీటర్లలో పసుపుపచ్చగా మారతాయి.

ఇంట్లో కూర్చుని చేయగల పని కూడా ఉంది. విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపు చెత్త, మాంసం వ్యర్థాలు ఆరుబయట పారేయడాన్ని 1937 నాటి విమాన నిబంధనలే నిషేధించాయి. వ్యర్థాలుంటే గద్దలు, కొంగలు చేరతాయి. లేచే విమానం ఇంజిన్లోకి ఒక్క గద్ద వెళ్లినా ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. మీ వీధి చివర అలాంటి కుప్ప కనిపిస్తే ఫొటో తీసి నగరపాలక సంస్థ జీవీఎంసీకి పంపండి. ఈ ఫొటోకి ఏ జవానూ అడ్డురాడు. పెళ్లి ఊరేగింపుల్లో ఆకాశంలోకి లేజర్ లైట్లు వేసేవాళ్లకి కూడా ఒక్కమాట చెప్పండి, ఆ వెలుగు పైలట్ కళ్లలో పడుతుంది.

చివరిగా, చూసే చోటు అడగండి. భోగాపురం అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం నౌకాదళ స్థావరం కాదు, 3,800 మీటర్ల రన్‌వేతో పౌర విమానాల కోసం తలపెట్టింది. అక్కడ కంచె బయట జనం చూడటానికి ఒక జాగా కావాలని నిర్వాహకులకూ, మీ ఎంపీకీ ఉత్తరం రాయండి. "సదుపాయాలు కల్పించగలరు" అని ఊరికే రాస్తే పక్కన పడేస్తారు. ఏం కావాలో విడమరచి రాయండి: రన్‌వేకి పక్కగా, విమానాలు దిగే దారికి దూరంగా కొంచెం ఎత్తు నేల, పది బళ్లు పట్టే పార్కింగ్, నీడ, చెత్తబుట్ట, ఏది తీయొచ్చో ఏది తీయకూడదో తెలుగులో రాసిన బోర్డు. స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచుకోండి, నెల రోజుల్లో జవాబు రాకపోతే ఆ నంబరు వేసి మళ్లీ రాయండి.