లావుగా ఉన్నవాళ్ళకి స్వారీ బట్టలు: టేపు పట్టుకుని కూర్చోండి

గుర్రం ఎక్కాక ఒంటి మీద ఏం వేసుకున్నామో గుర్తు రాకూడదు. బట్ట సరిపోయింది అనడానికి నా లెక్కలో అంతకు మించిన గుర్తు లేదు. నడుము పట్టీ జారుతుంటే పగ్గాలు ఒక చేతిలోకి తీసుకుని రెండో చేత్తో ప్యాంటు పైకి లాక్కుంటూ స్వారీ చేసిన రోజులు నాకున్నాయి, మోకాలి లోపలి వైపు కుట్టు ఒరుసుకుని పుండు పడి వారం పాటు జీను వైపే వెళ్ళలేని రోజులూ ఉన్నాయి. అప్పుడు తప్పంతా నా ఒంటిదే అనుకున్నాను. ఒక షాపులో అయితే కొంచెం తగ్గాక రండి మేడమ్ అని మొహం మీదే చెప్పారు. తగ్గేదాకా ఆగాల్సిన పనేం లేదండీ. ఇవాళ్టి ఒంటికి, ఇవాళ్టి కొలతలకి సరిపోయేవి దొరుకుతాయి, కాకపోతే మామూలు ప్యాంటు కొన్నట్టు కొంటే దొరకవు.

ఎందుకంటే మామూలు ప్యాంటు నిలబడ్డ మనిషికి కుడతారు, స్వారీ ప్యాంటు మాత్రం కూర్చుని కాళ్ళు ఎడంగా పెట్టిన మనిషికి సరిపోవాలి. కూర్చోగానే తుంటి వెడల్పవుతుంది, తొడ పరుచుకుంటుంది, వెనక నడుము దగ్గర బట్ట కిందికి లాగుతుంది. సన్నగా ఉన్నవాళ్ళలో ఈ తేడా కొంచెమే కాబట్టి వాళ్ళకి ఏదో ఒకటి సరిపోతుంది, మనలో ఎక్కువ. అందుకే ముందు దర్జీ టేపు తీసుకుని గట్టి కుర్చీలో కూర్చోండి. రోజూ స్వారీకి వేసుకునే లోదుస్తులే వేసుకోండి, టేపు బిగించకండి. నడుము, పొట్ట బాగా ఉన్న చోట, తుంటి బాగా వెడల్పైన చోట, తొడ మొదట్లో, మోకాలి దగ్గర, పిక్క లావైన చోట, ఇవన్నీ నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి కొలిచి రెండూ రాసుకోండి. ఇంకో కొలత ఉంది, దాదాపు ఎవరూ తీసుకోరు: ముందు నడుము పట్టీ ఎక్కడ ఉండాలనుకుంటున్నారో అక్కడి నుంచి కాళ్ళ మధ్యగా వెనక నడుము దాకా టేపు తిప్పి చూసే కొలత. దీన్నే రైజ్ అంటారు. వంగినప్పుడు వెనక నడుము తెరుచుకుపోయేది, ముందు భాగం పొట్ట కిందికి దొర్లిపోయేది ఎక్కువగా ఇది చాలకే, నడుము సైజు చిన్నదై కాదు. నేను రెండేళ్ళు సైజు పెంచుకుంటూ పోయాను, నడుము వదులైంది తప్ప వెనక తెరుచుకోవడం మాత్రం ఆగలేదు.

పొట్ట ముందుకి ఉన్నవాళ్ళు హై రైజ్ తీసుకుని పట్టీ పొట్ట మీదుగా వెళ్ళేలా చూసుకుంటే మంచిది. పట్టీ వెడల్పుగా, మెత్తగా ఉండాలి, ముందు బటన్ లేని పుల్-ఆన్ రకమో పక్క జిప్ రకమో అయితే ముందుకి వంగినప్పుడు ఏదీ గుచ్చుకోదు. కొందరికి పొట్ట మీద ఒత్తిడి అస్సలు పడదు, వాళ్ళు పొట్ట కింద ఆగే మిడ్ రైజ్ ఎంచుకోవచ్చు, కానీ వెనక భాగం ముందుకన్నా ఎత్తుగా కత్తిరించి ఉందో లేదో తప్పకుండా చూడాలి. తుంటి, తొడలు ఎక్కువ, నడుము తక్కువ అయితే లెక్క తేలిక: పెద్ద కొలతకి కొనండి, నడుము దర్జీ చేత తగ్గించుకోండి. వెనక రెండు చిన్న డార్టులు (బట్టని లోపలికి మడిచి వేసే కుట్లు) వేస్తే సరిపోతుంది. నడుముకి సరిపోయిందని కొని తొడల దగ్గర బట్ట సాగుతుందిలే అని ఆశ పెట్టుకోవద్దు, సాగినా ఆ కుట్టు మీద పడే బరువు ఎక్కడికీ పోదు, ఒకరోజు జీను మీదే విడిపోతుంది.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. స్వారీ ప్యాంటు అంటే తొడకి అతుక్కుని ఉండాలని చాలామంది అనుకుంటారు. జోధ్‌పుర్స్ అనే స్వారీ ప్యాంటు పేరే జోధ్‌పూర్ నుంచి వచ్చింది, 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవాలకి వెళ్ళిన సర్ ప్రతాప్ సింగ్ వాటిని ఇంగ్లండ్‌లో అందరి కళ్ళలో పడేలా చేశారని చెబుతారు. ఆ అసలు జోధ్‌పుర్స్ తొడల దగ్గర బాగా వెడల్పు, మోకాలి కింద మాత్రమే బిగుతు. సాగని బట్టతో గుర్రం ఎక్కాలంటే తొడకి చోటు కావాలి మరి. సాగే బట్ట వచ్చాక ఆ వెడల్పు పోయింది. అంటే బిగుతు తొడ బట్ట వల్ల వచ్చిన సౌకర్యమే తప్ప స్వారీ నియమం కాదు, మీ తొడకి కొంచెం వదులు కావాలంటే తీసుకోండి, ముడతలు పడి జీనుకి కాలికి మధ్య నలగనంత వరకు ఏమీ కాదు.

సైజు నంబర్ల దగ్గర చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. లేబుల్ మీద 44 అని ఉంటే అది ఏ దేశం 44 అనేది ముందు తెలియాలి. జర్మన్ 42, ఫ్రెంచ్ 44, ఇటాలియన్ 48, బ్రిటిష్ 16, ఇవి నాలుగూ సుమారుగా ఒకే సైజు. ఇటాలియన్ 44 తెప్పించుకుని ఫ్రెంచ్ 44 అనుకుంటే రెండు సైజులు చిన్నది వచ్చినట్టే. అమెరికన్ బ్రీచెస్ (స్వారీ ప్యాంట్లు) చాలావరకు నడుము అంగుళాల్లో ఉంటాయి, 1ఎక్స్, 2ఎక్స్ అని అక్షరాల సైజులూ ఉంటాయి. కాబట్టి నంబర్ పక్కన పెట్టి ఆ కంపెనీ సొంత చార్టులో సెంటీమీటర్లు చూడండి, కూర్చున్నప్పటి కొలతతో పోల్చండి. కెరిట్స్, టఫ్‌రైడర్ లాంటి కంపెనీలు ప్లస్ సైజుల్లో స్వారీ ప్యాంట్లు తెచ్చాయి, ఇంకా చాలానే ఉన్నాయి. అయితే చార్టులో ఎక్స్‌ఎల్ దాటి ఉన్నంత మాత్రాన మన కోసం ఆలోచించారని కాదు. కొందరు చిన్న సైజు నమూనానే అన్ని వైపులా పెంచేస్తారు, అలాంటిది వేసుకుంటే కాలు నేల మీద ఈడుస్తుంది, నడుము వదులు, తొడ మాత్రం బిగుతే. చార్టులో తొడ, పిక్క కొలతలు కూడా ఇచ్చారా, పెద్ద సైజుని లావుగా ఉన్న మనిషికే వేసి ఫొటో తీశారా అని చూస్తే చాలావరకు అర్థమైపోతుంది. మగవాళ్ళకీ ఇదే మాట, వాళ్ళకి ఎంపిక ఇంకా తక్కువ, పైగా బిగుతుగా ఉంటే వాళ్ళకి కలిగే ఇబ్బంది వేరే చెప్పక్కర్లేదు, రైజ్ కొలత వాళ్ళకి మరీ ముఖ్యం.

వేసుకుని చూసేటప్పుడు అద్దం ముందు నిలబడితే ఏమీ తెలియదు. పూర్తిగా గొంతుక్కూర్చోండి. ఎడమ కాలు రికాబులో పెట్టబోతున్నట్టు మోకాలు వీలైనంత పైకి ఎత్తండి, ఎక్కేటప్పుడే ఎక్కువ కుట్లు తెగుతాయి. సోఫా చేతి మీదో గట్టిగా చుట్టిన దుప్పటి మీదో కాళ్ళు అటూ ఇటూ వేసి కూర్చుని, లేచి, ముందుకి వంగి, పదిసార్లు ట్రాట్‌లో (నడకకీ పరుగుకీ మధ్య వేగంలో) లేచినట్టు చేయండి. ఆ తర్వాత చూడండి: నడుము పట్టీ ఎక్కడుంది? మోకాలి వెనక బట్ట పోగైందా? లేత రంగైతే వంగినప్పుడు లోపలిది కనిపిస్తోందా, ఇంకెవరినైనా వెలుతురులో చూడమనండి. జీను మీద జారకుండా మోకాలి దగ్గరో సీటంతానో వేసే పట్టు పట్టీలు ఎక్కడ వస్తున్నాయో కూడా చూడాలి. మోకాలి పట్టీ ఉన్న ప్యాంటు అయితే కూర్చున్నప్పుడు ఆ పట్టీ సరిగ్గా మోకాలి లోపలి వైపు రావాలి, తొడ లావు వల్ల బట్ట పైకి లాగి పట్టీ మోకాలి పైన ఆగిపోతే అది మీ సైజు కాదు. సీటంతా సిలికాన్ ఉండే ఫుల్ సీట్ నాకు చాలా ఇష్టం, జీను మీద నిలకడగా ఉంటుంది, కానీ మొదటిసారి వేసుకునేవాళ్ళకి పట్టు మరీ ఎక్కువ అనిపించవచ్చు, తొడల లోపల సిలికాన్ ఒకదానికొకటి అంటుకుని నడవడం కూడా చిరాకే. మోకాలి పట్టీతో మొదలుపెట్టండి.

లోపల వేసుకునేవాటి గురించి సిగ్గుపడి ఎవరూ మాట్లాడరు, నాకైతే సగం బాధ అక్కడే తీరింది. అంచు కుట్టు సరిగ్గా జీను మీద పడే లోదుస్తులు మానేసి, తొడ సగం దాకా వచ్చే కుట్లు లేని షార్ట్స్ వేసుకోండి. ఒరుసుకునే చోట ముందే ఒరుపు తగ్గించే బామ్ రాసుకోండి. స్పోర్ట్స్ బ్రా రెండు రకాలు, మొత్తాన్ని ఛాతీకి అదిమేసేవి, రెండు వైపులా విడివిడిగా పట్టి ఉంచేవి. ఛాతీ పెద్దగా ఉన్నవాళ్ళకి రెండో రకమే ఆగుతుంది. కింది పట్టీ గట్టిగా, భుజం పట్టీలు వెడల్పుగా ఉండాలి. ఇది సరిగ్గా లేకపోతే ట్రాట్‌లో నొప్పికి తెలియకుండానే భుజాలు ముందుకి ముడుచుకుంటాం, ఆ తర్వాత నిటారుగా కూర్చో అని నేర్పేవాళ్ళు అరుస్తూనే ఉంటారు.

బూట్లకి వద్దాం, లావు పిక్కలున్నవాళ్ళని ఇంతగా ఏడిపించేది ఇంకోటి లేదు. పిక్క సాయంత్రం కొలవండి, రోజంతా నడిచాక కాళ్ళు కాస్త ఉబ్బి ఉంటాయి. స్వారీ ప్యాంటు, స్వారీ సాక్సులు వేసుకుని, కుర్చీలో మోకాలు తొంభై డిగ్రీలు వచ్చేలా పాదం నేల మీద ఆనించి, పిక్క లావైన చోట చుట్టూ ఒక కొలత, నేల నుంచి మోకాలి వెనక మడత దాకా ఎత్తు ఒక కొలత. రెండు కాళ్ళూ కొలవండి, తేడా ఉంటుంది, పెద్దదానికే కొనాలి. కొత్త తోలు బూటు చీలమండ దగ్గర ముడతలు పడి రెండు నుంచి ఐదు సెంటీమీటర్ల దాకా కిందికి దిగుతుంది, అందుకే మొదట్లో మోకాలి వెనక కొంచెం గుచ్చుకునేంత ఎత్తు ఉండాలి. పొట్టి పిక్క, లావు పిక్క రెండూ ఉన్నవాళ్ళకి ఇక్కడే చిక్కు, వెడల్పు పెరిగే కొద్దీ ఎత్తు కూడా పెంచేస్తారు. ఏరియట్ లాంటివాళ్ళు ఎత్తు, పిక్క వెడల్పు విడివిడిగా ఎంచుకునే వీలిస్తారు, అలాంటి చార్టు ఉన్న బూటే వెతకండి. జిప్ పక్కన పొడవునా ఎలాస్టిక్ ఉంటే ఇంకా మేలు. ఒక సెంటీమీటరు, మహా అయితే రెండు చాలకపోతే తోలు పని తెలిసినవాళ్ళు సాగదీసి ఇస్తారు, అంతకన్నా ఎక్కువైతే వెనక ఎలాస్టిక్ ముక్క వేయించుకోవచ్చు. జిప్‌ని బలవంతంగా లాగి మూసుకుని అదే సాగుతుందిలే అనుకోకండి, తోలు సాగేలోపు జిప్ పోతుంది.

నిజం చెప్పాలంటే కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు పొడవు బూట్లకి డబ్బు పోయనక్కర్లేదు. చీలమండ దాకా వచ్చే పొట్టి బూట్లు, వాటి మీద హాఫ్ చాప్స్ (చీలమండ నుంచి మోకాలి దాకా పిక్కకి చుట్టుకునే తొడుగులు) వేసుకుంటే అదే పని జరుగుతుంది. హాఫ్ చాప్స్ ఎలాస్టిక్‌తో వస్తాయి, పిక్క కొలతల్లో ఎంపికా ఎక్కువ, మనకి సరిగ్గా కుట్టి ఇచ్చేవాళ్ళు కూడా దొరుకుతారు.

బూటు కొన్న రోజే రికాబు కూడా చూసుకోండి, ఇది ప్రాణానికి సంబంధించిన విషయం. బూటు బాగా వెడల్పైన చోట కన్నా రికాబు లోపలి వెడల్పు సుమారు రెండున్నర సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. వెడల్పు పాదానికి తీసుకున్న బూటు పాత రికాబులో ఇరుక్కుంటే పడినప్పుడు కాలు బయటికి రాదు, గుర్రం ఈడ్చుకుపోతుంది. చిన్న మడమ ఉన్న బూటే వాడండి, లోతు గాట్లున్న అడుగు వద్దు.

బాడీ ప్రొటెక్టర్ (పడినప్పుడు ఒంటిని కాపాడే ఫోమ్ జాకెట్) వేసుకునేవాళ్ళు బీటా 2018 లెవెల్ 3 అనే భద్రతా ప్రమాణం లేబుల్ ఉందో లేదో చూడాలి. వేసుకున్న వెంటనే నిర్ణయించకండి, లోపలి ఫోమ్ ఒంటి వేడికి మెత్తబడి ఒంటి ఆకారంలోకి రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ముందు భాగం చివరి పక్కటెముకల కన్నా కిందికి రావాలి, వెనక భాగం కూర్చున్నప్పుడు జీను వెనక అంచుకి తగలకూడదు. పొట్ట, ఛాతీ కోసం పెద్ద సైజు తీసుకుంటే పొడవు ఎక్కువై సరిగ్గా ఈ తగలడమే జరుగుతుంది, జీను ప్రతి అడుగుకీ దాన్ని పైకి, గడ్డం దాకా తోస్తుంది. అందుకే పొడవు పొట్టిగా, చుట్టుకొలత ఎక్కువగా ఉన్న కట్ అడగండి, పక్కల సర్దుకునే పట్టీలు సగం దూరంలో ఆగాలి, చివరికంటా లాగి పెట్టాల్సి వస్తే మార్చుకోండి. గాలి నిండే ఎయిర్ వెస్ట్ అయితే అది ఉబ్బడానికి చోటుండాలి, పైన బిగుతు జాకెట్ వేయకూడదు.

పోటీ జాకెట్ భుజాలకి సరిపోయేది కొనండి, అక్కడ సరిచేయించడం కష్టం, నడుము దగ్గర ఎంతైనా సరిచేయించుకోవచ్చు. పగ్గాలు పట్టుకున్నట్టు చేతులు ముందుకి చాపి చూడండి, వీపు దగ్గర పట్టకూడదు, గుండీల మధ్య బట్ట నోరు తెరవకూడదు. సాగే బట్టైతే వేరేది ఆలోచించక్కర్లేదు.

ట్యాగులు తీసేలోపే ఈ పరీక్షలన్నీ ఇంట్లో చేయండి, వెనక్కి తీసుకోని చోట కొనకండి. కొన్నాక తిరగేసి చల్లటి నీళ్ళలో ఉతకండి, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయకండి, అది సిలికాన్ పట్టునీ సాగే గుణాన్నీ రెంటినీ చంపేస్తుంది. డ్రయ్యర్ కూడా వద్దు, నీడలో ఆరేయండి. ఉతికాక తొడ లోపలి కుట్టు ప్రతిసారీ వెలుతురుకి పట్టుకుని చూడండి. దారాలు పలచబడుతుంటే తెగేదాకా ఆగకుండా దర్జీ చేత అక్కడ ఇంకో వరస కుట్టించేయండి.