థార్‌కి ఏ టైర్లు వేయాలి, బ్యాలెన్సింగ్ ఎలా చేయించాలి

మహీంద్రా థార్ కొన్నవాళ్ల కన్ను ముందు పెద్ద పెద్ద దిమ్మలున్న మడ్ టెర్రైన్ టైర్ల మీదే పడుతుంది, కానీ రోజూ తారురోడ్డు మీద తిరిగి ఎప్పుడైనా అరకు వైపు మట్టిదారి ఎక్కేవాళ్లకి రోడ్డుకీ మట్టికీ రెండిటికీ పనికొచ్చే ఆల్ టెర్రైన్ చాలు, ఎందుకంటే మడ్ టైరు రోడ్డు మీద హోరుమంటుంది, తడిలో బ్రేక్ పట్టు తగ్గుతుంది, మైలేజీ కూడా పడిపోతుంది. సైజు మాత్రం కంపెనీ ఇచ్చిందే ఉంచండి. టైరు పక్కన తయారీ కోడ్‌లో చివరి నాలుగంకెలు చూసి మరీ కొనండి: 1225 అంటే 2025లో 12వ వారం.

బ్యాలెన్సింగ్ అంటే చక్రం బరువు చుట్టూ సమానంగా ఉండేలా రిమ్ముకి చిన్న బరువులు అతికించడం. దానికి ముందు రిమ్ము లోపలివైపు ఎండిన మట్టి గీకించి కడిగించండి, చాలా వణుకులకి మూలం అదే. బరువులు అతికించాక మళ్లీ తిప్పించి, మిషన్ రెండువైపులా సున్నా చూపించేదాకా కదలకండి. అయినా 80 దాటాక స్టీరింగ్ వణికితే ముందు చక్రాలు వెనక్కి మార్చండి. వణుకు సీటులోకి మారితే తేడా ఆ చక్రాల్లోనే ఉన్నట్టు.