తుపాకీ ఇనుము మీది పాత గోధుమరంగు పూత తీయడం – మూడో పాఠం: వెనిగర్ తొట్టి

పోయిన పాఠంలో పాత నాటుతుపాకీ నుంచి విడదీసిన వాటిలో ట్రిగ్గర్ గార్డు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే వంపు పట్టీ), బట్ ప్లేటు (తుపాకీ చెక్క చివరి ఇనుప రేకు) ఇవాళ తీసుకుందాం. గొట్టం జోలికి పోవద్దు, అది లైసెన్సున్న గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) పని.

వీటి మీదున్న గోధుమరంగు పూత పెయింటు కాదు. ఇనుముకు కావాలని తుప్పు పట్టించి, రుద్ది, మళ్లీ పట్టించగా నిలిచిన పొర. అందుకే థిన్నరుకు లొంగదు, బలహీనమైన ఆమ్లానికి కరుగుతుంది.

ముందు జిడ్డు వదలాలి. లీటరు వేడి నీళ్లలో 50 గ్రాముల చాకలి సోడా కలిపి టూత్‌బ్రష్‌తో తోమండి. కడిగాక నీరు పలచగా పరుచుకోవాలి. బొట్లుగా విడిపోతే నూనె ఉన్నట్టే, అక్కడ ఆమ్లం పనిచేయక పూత మచ్చలుగా మిగులుతుంది. భాగాన్ని నీళ్లలో మరిగించొద్దు. మరిగితే ఎర్ర తుప్పు నల్ల ఆక్సైడుగా మారుతుంది, పని ఎక్కడిదాకా వచ్చిందో కనిపించదు.

ప్లాస్టిక్ డబ్బాలో భాగం మునిగేంత వంటింటి తెల్ల వెనిగర్ పోయండి. 4 శాతం ఎసిటిక్ ఆమ్లం ఉన్నది చాలు. చెన్నైలో గోవిందప్ప నాయకన్ వీధి రసాయనాల కొట్లలో గాఢమైనది అడుగుతారేమో, చర్మాన్ని కాల్చేస్తుంది, వద్దు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం అసలే వద్దు: దాని ఆవిరికి పక్కనున్న పనిముట్లూ తుప్పు పడతాయి. చేతికి గ్లవ్స్, గదికి గాలి ఉండాలి.

పది నిమిషాలకోసారి తీసి నాలుగు సున్నాల (0000, అతి మెత్తని) స్టీల్ ఊల్‌తో మెల్లగా రుద్దండి. పూత పలచనైతే 20, 30 నిమిషాల్లో వదులుతుంది. బూడిదరంగు ఇనుము కనబడగానే ఆపాలి. రాత్రంతా వదిలేస్తే ఆమ్లం ఇనుమునే తిని గరుకు చేస్తుంది. పైన మిగిలే నల్లటి మసి పూత కాదు, వంట సోడా ముద్దతో తుడిస్తే పోతుంది. దాని కోసం మళ్లీ ముంచకండి.

డబ్బాలోకి రాకూడనివి రెండు. ఇత్తడి ముక్కలు ఇనుముతో కలిసి నానితే ఇనుము మీద రాగి పొర కూర్చుంటుంది. స్ప్రింగులు ఆమ్లంలో హైడ్రోజన్ పీల్చి పెళుసై విరుగుతాయి. వాటిని నూనె, స్టీల్ ఊల్‌తోనే రుద్దాలి.

ఉప్పు కాగితం మాత్రం పట్టొద్దు. నంబర్లు, ముద్రలు అరిగిపోతాయి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం గుర్తింపు గుర్తులు చెరపడం నేరం.

తీయగానే లీటరు నీళ్లకు ఒక పెద్ద చెంచా వంట సోడా కలిపి అందులో అయిదు నిమిషాలు ఉంచి, కడిగి, వెంటనే హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టండి. సముద్రపు గాలి తగిలే ఇంట్లో తడి ఇనుము చూస్తుండగానే నారింజరంగు తిరుగుతుంది. ఆరిన మరుక్షణమే నూనె రాసి బట్టలో చుట్టండి. వచ్చే పాఠంలో కొత్త పూతకు ముందు ఆ నూనెనూ చాకలి సోడాతోనే వదిలించాలి.