కోనికల్ అడుగున మడ్డి బిగుసుకుపోయి వాల్వ్ జామ్ అయితే

కోనికల్‌లో, అంటే అడుగు గరాటులా ఉండి కింద వాల్వ్ ఉండే బీరు పులియబెట్టే ట్యాంకులో, ఐపీఏ (హాప్స్ ఘాటు ఎక్కువుండే బీరు) బ్రూ చేశారు, డ్రై హాప్ వేశారు (వాసన కోసం మరగబెట్టాక ట్యాంకులో వేసే హాప్ పువ్వులు), రెండ్రోజులు ఫ్రిజ్‌లో బాగా చల్లబెట్టారు, ఇంక మడ్డి తీసేసి కెగ్‌లోకి (బీరు నిల్వ చేసే స్టీలు పీపా) పట్టేద్దాం అని కింద వాల్వ్ తిప్పితే ఒక్క చుక్క రాదు. ఇంకొంచెం తిప్పుతారు, అయినా రాదు. చిరాకేసి మొత్తం తెరిచేస్తారు, అప్పుడు భుస్సుమని ఒక పచ్చటి ముద్ద, దాని వెనకాలే మంచి తేట బీరంతా కాళ్ళ మీద. టెక్సస్‌లో మా గరాజ్‌లో నా మూడో బ్యాచ్‌కి సరిగ్గా ఇదే జరిగింది. 19 లీటర్ల బ్యాచ్, 170 గ్రాముల పెల్లెట్ హాప్స్ (పొడిచేసి గుళికలుగా నొక్కినవి) ఒకేసారి గుమ్మరించా, 3 డిగ్రీలకి దించా, తర్వాత లీటరున్నర బీరు నేల తాగింది. నేను తొందరపడి చేసిన వెధవ పనులన్నీ చేసి నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నా.

ఇది అమెరికాలో చేసుకునేవాళ్ళ కోసం అని ముందే చెప్తున్నా. ఇక్కడ 1978లో కార్టర్ సంతకం పెట్టిన చట్టం వల్ల ఇంట్లో బీరు చేసుకోవచ్చు, పెద్దాళ్ళు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు ఆపైన ఉంటే ఇంటికి 200, అమ్మకూడదు అంతే. మన ఊళ్ళో లైసెన్స్ లేకుండా ఇంట్లో చేస్తే కేసు అవుద్ది, కాబట్టి ఇది చదివి అక్కడ మొదలెట్టకండి బాబూ.

సరే, అసలు ఎందుకు బిగుసుకుంటుంది? కోనికల్ అంటే పెద్ద గరాటే కదా, గోడలు ఏటవాలుగా ఉంటాయి, అన్నీ జారి కిందికి వచ్చేస్తాయి అనుకుంటాం. కానీ కిందికి దిగేది ఇసుక కాదు, ఈస్టు, పప్పు నురగలాంటి ప్రోటీను, హాప్ పొడి, మూడూ కలిసి బంక. ఇక్కడ ట్రబ్ అంటారు, మనకి మడ్డి అంటే సరిపోద్ది, కల్లు కుండ అడుగున ఉండేదానికి చుట్టమే. ఇడ్లీ పిండి గరాటులో పోస్తే ఎలా గోడలకి అంటుకుని నింపాదిగా దిగుద్దో ఇదీ అంతే. చల్లబడే కొద్దీ గట్టిపడుద్ది. పైగా ఇంగ్లిష్ ఏల్ (ఒక రకం బీరు) ఈస్టులు కొన్ని ముద్దకట్టి అడుగున సిమెంటులా కూర్చుంటాయి, అమెరికన్ ఏల్ ఈస్టులు కాస్త మెత్తగానే ఉంటాయి. పెల్లెట్ హాప్స్ నీళ్ళు పీల్చి ఉబ్బి వాల్వ్ మెడలో బిరడా అయిపోతాయి. బటర్‌ఫ్లై వాల్వ్ అయితే పూర్తిగా తెరిచినా మధ్యలో బిళ్ళ అడ్డంగా నిలబడే ఉంటుంది కదా, హాప్ ముద్ద దానికి రెండు పక్కలా పట్టేసుకుంటుంది. ఇంకోటి, చాలామంది 1.5 అంగుళాల వాల్వ్ పెట్టి దాని కింద ఒక మోచేతి వంపు, దాని చివర సన్న ట్యూబ్ తగిలించే నాజిల్ పెడతారు. చాలాసార్లు జామ్ అయ్యేది వాల్వ్ కాదు, ఆ నాజిల్. ముందు అది విప్పి చూడండి, వాల్వ్ మూసి ఉంచి. నాకు సగం సార్లు కథ అక్కడే అయిపోయింది.

అక్కడ ఏం లేకపోతే ఇంక లోపలే. ఇప్పుడు చేయకూడనివి రెండు. కింద నుంచి తీగ, స్పూను, చాప్‌స్టిక్ పెట్టి పొడవకండి, బయట క్రిములన్నీ లోపలికి వెళ్తాయి, స్టీలు మీద గీతలు పడతాయి, ముద్ద కదిలిందంటే ఆ ధార ఆపడానికి చెయ్యి ఖాళీ ఉండదు. రెండోది, వాల్వ్ తెరిచిపెట్టి ఎదురుచూడకండి. ఏదో ఒక క్షణాన మధ్యలో పందికొక్కు బొరియలాగా ఒక కన్నం పడుద్ది, ఆ కన్నంలోంచి పైనున్న తేట బీరు వచ్చేస్తుంది, మడ్డి మాత్రం గోడలకి అలాగే అంటుకుని మిమ్మల్ని చూస్తూ ఉంటుంది. అందుకే మామూలుగా మడ్డి తీసేటప్పుడు కూడా వాల్వ్ పావు వంతే తెరిచి, టూత్‌పేస్ట్ వచ్చినంత నిదానంగా రానిస్తా. రంగు పలచబడి బీరు మొహం కనపడగానే మూసేస్తా, అరగంట ఆగితే గోడల మీదది మళ్ళీ జారి మధ్యలోకి వస్తుంది.

జామ్ అయినప్పుడు నేను మొదట చేసేది వాల్వ్ మూసేసి రబ్బరు సుత్తితో కోన్ చుట్టూ తట్టడం. కొట్టడం కాదు, పుచ్చకాయ పండిందా లేదా చూసినట్టు. పది నిమిషాలాగి మళ్ళీ కొంచెం తెరిచి చూస్తా. రాకపోతే ఫ్రిజ్ కంట్రోలర్‌ని 12, 13 డిగ్రీలకి పెంచి ఒక పూట వదిలేస్తా, ముద్ద మెత్తబడుద్ది. శనివారం సాయంత్రం ఫ్రెండ్స్ వస్తున్నారు, ఆగే టైం లేదు అంటారా, మార్కెట్లో బీరు కొని పెట్టండి, మీ బీరు ఎక్కడికీ పోదు.

అప్పటికీ కదలకపోతే కింద నుంచి గ్యాస్, అంటే సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) కొట్టడమే. ఇది మీ ట్యాంకు ప్రెషర్ తట్టుకునేదైతేనే, మాన్యువల్‌లో ఎంత రాసుంటే అంతకు లోపలే. వాల్వ్ మూసే ఉంచి, దాని కింద గ్యాస్ పోస్ట్ (గ్యాస్ పైపు తగిలించే మూతి) ఉన్న మూత బిగించండి, బిగించే ముందు అన్నిటికీ శానిటైజర్ కొట్టండి, మధ్యలో ఉన్న గాలి పోయేలా కాస్త సీఓటూ వదిలి బయటికి పోనివ్వండి. రెగ్యులేటర్ 3 నుంచి 5 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) చాలు. పైన బ్లోఆఫ్ ట్యూబ్ (ట్యాంకులోంచి గ్యాస్ బయటికి పోయే గొట్టం) తెరిచి ఉండాలి, గ్యాస్ పోయే దారి లేకపోతే ఊరికే ట్యాంకుని ఉబ్బిస్తున్నట్టే. ఇప్పుడు వాల్వ్ ఒక్క సెకను తెరిచి మూసెయ్యండి. గుబుక్ అని చప్పుడొస్తుంది, బిరడా పైకి లేస్తుంది. రెండు మూడు సార్లు చాలు, సరదాగా ఉంది కదా అని ఇంకా కొట్టకండి, హాప్ పొడి ఉన్న బీరులో గ్యాస్ ఊదితే నురగ పొంగి బ్లోఆఫ్‌లోంచి సీలింగ్ దాకా వెళ్తుంది, పైన నాలుగైదు లీటర్ల ఖాళీ లేకపోతే అసలు వద్దు. గ్యాస్ లైనులో ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వ్ ఉంటే మంచిది, లోపలి ప్రెషర్ ఎక్కువుంటే బీరే వెనక్కొచ్చి రెగ్యులేటర్‌లో కూర్చుంటుంది. ఇదంతా అయ్యాక వెంటనే కెగ్‌లోకి పట్టకండి, బీరంతా గంజిలా కలిసిపోయి ఉంటుంది, మళ్ళీ చల్లబెట్టి ఒక రాత్రి తేరనివ్వండి.

ప్లాస్టిక్ కోనికల్ వాళ్ళకి ఈ గ్యాస్ వైద్యం వద్దు, ప్రెషర్‌కి తయారుచేసినవి కొన్నే. మడ్డి పట్టడానికి కింద జార్ ఉండే రకానికి ఇంకో తంటా ఉంది, జార్ విప్పి కడిగి ఖాళీగా తగిలించి వాల్వ్ తెరిస్తే ఆ జార్‌లోని గాలంతా బుడబుడమంటూ బీరులోంచి పైకి వెళ్తుంది. బీరుకి ఆక్సిజన్ అంటే శత్రువే, ఐపీఏ వారంలో తడిసిన అట్టపెట్టె రుచికొస్తుంది. అందుకని జార్‌లో ముందు సీఓటూ నింపండి, అది లేకపోతే మరగబెట్టి మూతపెట్టి చల్లార్చిన నీళ్ళు నిండుగా పోసి తగిలించండి. మెడలో ముద్ద అడ్డం పడితే ట్యాంకుని స్టాండుతో సహా నిమ్మళంగా అటూ ఇటూ తిప్పితే చాలాసార్లు దిగుద్ది.

ఇంకో సంగతి, స్టీలుదైనా ప్లాస్టిక్‌దైనా, పైన ఎయిర్‌లాక్ (గ్యాస్ బయటికి పోయే, నీళ్ళు పోసిన చిన్న బిరడా) పెట్టి కింద మడ్డి వదిలితే ఎయిర్‌లాక్‌లో నీళ్ళూ గాలీ లోపలికి లాక్కుంటుంది. పైన 1, 2 పీఎస్ఐ సీఓటూ అందిస్తూ తీయండి. గ్యాస్ లేకపోతే కొంచెం కొంచెంగా తీసుకోవడమే.

ఏం చేసినా దిగలేదా, దిగనక్కర్లేదు. పక్క పోర్టు నుంచి బీరు తీసేసుకోండి, లోపలి రాకింగ్ ఆర్మ్‌ని (బీరు తీసే, తిప్పగలిగే వంపు పైపు) పైకి తిప్పి మొదలుపెట్టి, తేట వస్తుంటే మెల్లగా కిందికి దించుతూ. పక్క పోర్టు లేకపోతే పైనుంచి సైఫన్. మడ్డి కోన్‌లోనే ఉండనివ్వండి, రెండ్రోజుల్లో కొంప మునగదు, నెలలు వదిలేస్తే ఈస్టు చచ్చి మాంసం పులుసు వాసన వస్తుంది. కెగ్ నిండుతుంటే సగంలో ఆగిందంటే హాప్ ముక్క కెగ్ పోస్ట్ లోపలి పాపెట్‌లో (స్ప్రింగున్న చిన్న వాల్వ్) ఇరుక్కున్నట్టే, ప్రెషర్ మొత్తం తీసేశాకే దాన్ని విప్పండి.

ఇప్పుడు నాకు జామ్ అవ్వడం చాలా తక్కువ, ఎందుకంటే మడ్డిని ఒక్కసారి కాకుండా ముక్కలుగా తీస్తున్నా. కెటిల్‌లో (మరగబెట్టే గిన్నె) సుడి తిప్పి 20 నిమిషాలాగి పైదే ఫెర్మెంటర్‌లోకి, అంటే కోనికల్‌లోకి, పంపిస్తా, అడుగు ముద్ద అక్కడే వదిలేస్తా, ఒక లీటరు పోతే పోయింది. మర్నాడు ఒక గ్లాసు మడ్డి తీస్తా, అది మట్టి రంగులో ఉంటుంది. నురగ పడిపోయాక అయిదో రోజో ఆరో రోజో 14 డిగ్రీలకి దించి ఒక రోజాగి ఈస్టు తీస్తా, మీగడ రంగులో ఉన్న మధ్య భాగం తర్వాతి బ్యాచ్‌కి సీసాలో దాచుకుంటా. ఆ తర్వాతే డ్రై హాప్, అదీ రెండు విడతలుగా. హాప్స్ దిగాక చల్లబెట్టడం మొదలైన రోజే కొంచెం తీస్తా, రాయిలా అయ్యేదాకా ఆగను.

అంతా అయ్యాక వాల్వ్‌ని తప్పకుండా ముక్కలుగా విప్పి కడగండి, ఊరికే నీళ్ళు వదిలితే సరిపోదు. బటర్‌ఫ్లై అయితే పది నిమిషాల పని. బాల్ వాల్వ్ అయితే బంతి వెనకాల దాక్కున్న పాత హాప్ పొడి చూశాక ఆ రోజు భోజనం కాస్త లేటుగా చేస్తారు.