ఉడుత దూరే కన్నం మూసే ముందు

అన్నిటికంటే ముందు, గూట్లో పిల్లలున్నాయేమో చూడండి. ఏసీ పైపు కన్నంలోనో, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెనకో, అటక మీదో కొబ్బరి పీచు, దూది, గుడ్డ పీలికలు కుప్పగా ఉంటే అది గూడే. పిల్లలుంటే పని ఆపేయండి. అవి సొంతంగా తిరగడానికి రెండు నెలలకు పైనే పడుతుంది. ఇప్పుడే మూస్తే అవి లోపలే చచ్చి కంపు కొడతాయి, తల్లేమో లోపలికి రావాలని అంచులన్నీ కొరుకుతుంది. పాపం కూడాను.

ఖాళీయో కాదో తేలకపోతే కన్నంలో న్యూస్‌పేపర్ వదులుగా కుక్కి మూడు రోజులు చూడండి. కదలకపోతే ఖాళీ.

మూసేది పగలే. రాత్రి ఉడుత గూట్లోనే పడుకుంటుంది.

ఫ్యాన్ దగ్గరైతే మెయిన్ ఆపండి, కొరికిన వైరు షాక్ కొడుతుంది.

ప్లాస్టిక్ మెష్, ఫోమ్ వద్దు, కొరికేస్తుంది. అరంగుళం కళ్ల జీఐ మెష్ (జింకు పూత ఉన్న ఇనుప జాలీ) కన్నం కంటే రెండంగుళాలు ఎక్కువగా కత్తిరించి, వాషర్లు వేసి స్క్రూలు బిగించండి.

మందమైన గ్లౌజులు, మాస్కు తప్పనిసరి. కరిస్తే పావుగంట సబ్బునీళ్లతో కడిగి డాక్టరుకు చూపించండి.

జిగురు అట్టలు, విషం మాత్రం దయచేసి వాడొద్దు.